పేషెంట్ తరఫువారికి వివరించడమైనది

“నీకేమైందమ్మా, గుండ్రాయిలా ఉన్నావు” అన్న మాట ఈ తొమ్మిదేళ్ళలో ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. చుట్టాలు అన్నారు, డిపోలో తోటి కండక్టర్లు అన్నారు, ఆఖరికి డాక్టర్లు కూడా అన్నారు. ఇకమీదట ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. చేతిలో టికెట్ మిషన్ ఉంటే దానితోనే నెత్తిన ఒకటి పెడతానని ముందే చెప్తున్నాను.

నా పేరు జ్యోతిక. నలభై ఏళ్ళు. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఇప్పుడు కర్మన్‌ఘాట్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠీ పోయే సిటీ బస్సులో నేను కండక్టర్‌ని. మా ఆయన శేఖర్‌కు ఒక ట్రాలీ ఆటో ఉంది, సామాన్లు తోలుతాడు. నాకు ముప్పై ఒకటో ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, ఎనిమిదిసార్లు కీమో ఎక్కించారు, ఎడమవైపు ఛాతీకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఏడాది పట్టింది. ఆ తర్వాత అయిదేళ్ళు ఆర్నెల్లకోసారి పోయి చూపించుకున్నాను. పోయినప్పుడల్లా ఒక కుర్ర డాక్టరు మళ్ళీ గడ్డ ఏమైనా లేచిందేమోనని తడిమి చూసి, “బాగుంది, వెళ్ళిరా” అనేవాడు. అయిదో ఏడు నిండాక, “ఇక మీరు రానక్కర్లేదు, గెలిచేశారు” అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా అత్తమ్మ ముత్తమ్మ, “ఏనుగే ఎల్లిపోయింది బిడ్డా, ఇగ తోకెంత” అంది. నేనూ నమ్మాను. ఆ తోక ఎంత పొడుగుంటుందో నాకు చెప్పిన నాథుడు లేడు మరి.

పోయిన ఏడాది ఆయాసం మొదలైంది. ఆడవాళ్ళకు టికెట్ లేదన్న నాటి నుంచి మా బస్సులో చీమ దూరే సందు ఉండటం లేదు. ముందు డోరు నుంచి వెనక డోరు దాకా తోసుకుంటూ, అరుచుకుంటూ, ఆధార్ కార్డులు చూసుకుంటూ పోతే ఎవరికైనా ఆయాసం వస్తుందిలే అనుకున్నాను. తర్వాత్తర్వాత ఖాళీ బస్సులో కూడా రావడం మొదలైంది. ఒకరోజు చైతన్యపురి స్టాపులో జనం ఎక్కేశారు, నేను రైట్ చెప్పాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. రెండు అక్షరాల మాటకు సరిపోయేంత గాలి నాలో లేదు. డ్రైవరు అద్దంలో చూసి ఏమైందని అడిగితే, చేత్తో దబదబా బస్సు రేకు మీద కొట్టాను. ఒక ముసలమ్మ లేచి నాకు సీటిచ్చింది. నేను ముసలాళ్ళకు సీటిప్పించేదాన్ని. ఆవేళ సిగ్గుతో చచ్చిపోయాను.

మా సందు చివర డాక్టరు గ్యాస్ అన్నాడు. పదిహేను రోజులు గొట్టం గోలీలు మింగాను. రెండో డాక్టరమ్మ ఒళ్ళు వచ్చిందన్నది, అన్నం మానేయమంది. మానేశాను. బరువు తగ్గింది కానీ ఆయాసం తగ్గలేదు. మూడో ఆయన టెన్షన్ అన్నాడు. ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగాడు. లేవు గానీ మీతోనే పెట్టుకునేటట్టున్నానని అనబోయి ఆగాను. ముగ్గురికీ నేను ముందుగా చెప్పిన మాట ఒకటే, నాకు క్యాన్సర్ వచ్చి తగ్గింది అని. ముగ్గురూ ఇచ్చిన జవాబూ ఒకటే, “అది తగ్గిపోయింది కదా” అని. పాత కిరాయిదారు ఇల్లు ఖాళీ చేసిపోతే గోడలకు కొట్టిన మేకుల సంగతి కూడా చూస్తాం. మనిషి ఒంటికి ఆ మాత్రం గతి లేదు.

నాలుగోసారి ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గర గుండె డాక్టరు విజయదుర్గ గారి దగ్గరికి పోయాను. చిన్న క్లినిక్, పెద్ద క్యూ. నేను కుర్చీలో కూర్చుని అలవాటుగా క్యాన్సర్ మాట చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది.

“కీమోలో ఎర్రగా ఉండే మందు ఎక్కించారా మీకు? ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేదా?”

నేను తెల్లబోయాను. ఆ ఎర్ర మందును నేనెట్లా మరిచిపోతాను. దాన్ని సంచిలో చూస్తేనే వాంతి వచ్చేది. ఆ తర్వాత రెండేళ్ళు ఎర్రటి రూహ్ అఫ్జా షర్బత్ సీసా చూసినా కడుపులో తిప్పేది. తొమ్మిదేళ్ళలో ఆ సంగతి అడిగిన మొదటి మనిషి ఈవిడ.

వెంటనే ఎకో తీసింది. తెర నా వైపు తిప్పి చూపించింది. “గుండె పంపింగ్ అరవై దాకా ఉండాలి. మీకు ముప్పై ఎనిమిది ఉంది. ఆ మందు ప్రాణాలు కాపాడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ కొంతమందిలో గుండె కండను మెల్లగా నీరసపరుస్తుంది. ఏళ్ళ తర్వాత కూడా బయటపడుతుంది. మీకు ఎడమవైపు కరెంటు కూడా పెట్టారు. అందుకే ఏటా ఎకో తీయించుకోవాలి. మొదట్లో దొరికితే మందులతో నిలబెట్టొచ్చు. ఇప్పుడు కూడా మందులున్నాయి, ఇవాళే మొదలుపెడదాం. ఇంతకీ ఈ సంగతి మీకెవరూ చెప్పలేదా?”

“ఎవ్వరు చెప్పలే మేడమ్.”

ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకుంది. మందులు రాసి, “పాత ఫైలు తీసుకురండి. ఎంత మోతాదు ఎక్కించారో చూడాలి” అంది.

ఫైలు ఎక్కడిది? కరెంటు పెట్టడం అయిపోయిన రోజు సాయంత్రం మా అత్తమ్మ నన్ను గడపలో నిలబెట్టి దిష్టి తీసింది. నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, గళ్ళుప్పు. వాటితోపాటు నా దవాఖాన ఫైలు కూడా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, మూడు బాటలు కలిసే చోట పారేసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కుంది. ఆ కాగితాలు ఇంట్లో ఉంటే రోగం అడ్రస్ పట్టుకుని మళ్ళీ వస్తుందట. ఆవేళ నేను నవ్వాను. ఇప్పుడు పోయి అడిగితే ఆమె, “నీ మంచికే చేసిన బిడ్డా” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బడి ముఖం చూడలేదు, కీమో చేసిన ఏడాదంతా నా వాంతులు ఎత్తిపోసింది. ఆమెనేం అంటాను. కోపాన్ని మూటగట్టుకుని, వాళ్ళ దగ్గర ఉండే ఫైలు కోసం క్యాన్సర్ దవాఖానకు పోయాను.

అక్కడి రికార్డు రూముకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి దరఖాస్తు రాయమన్నారు. రెండోసారి పాత ఫైళ్ళన్నీ వేరే బిల్డింగులో ఉన్నాయన్నారు, తాళంచెవి ఉన్న మనిషి సెలవన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. మూడోసారి నేను డ్యూటీ డ్రెస్సులోనే పోయి, కోఠీ స్టాపులో పిలిచే గొంతుతో కౌంటరు ముందు నిలబడి నా నంబరు పిలిచాను. గంటలో ఫైలు వచ్చింది. అప్పటికే ఊపిరి అందక గోడకు చేరగిలబడి ఉన్నాను.

నేను డిగ్రీ చదివాను, ఇంగ్లిషు కాగితాలు చదవగలను. కానీ ఆఖరి కాగితం చదవడానికి ఆ చదువు కూడా అక్కర్లేదు. అది శుభ్రంగా తెలుగులోనే ఉంది. “చికిత్స అనంతరం గుండె బలహీనపడే అవకాశం ఉన్నందున ప్రతి సంవత్సరం ఎకో పరీక్ష చేయించవలెను. ఆయాసం గానీ కాళ్ళ వాపు గానీ కనిపించిన వెంటనే చూపించవలెను. పై విషయాలు పేషెంట్ తరఫువారికి వారి భాషలో వివరించడమైనది.” కింద తారీఖు. తారీఖు పక్కన సంతకం. ఆ సంతకం నాకు బాగా తెలుసు. మా పెళ్ళి సర్టిఫికెట్ మీదా అదే ఉంది.

పేషెంట్ సంతకానికి ఆ కాగితంలో గీతే లేదు.

రికార్డు రూము పక్కనే ఉన్న డ్యూటీ డాక్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకుపోయాను. “ఇది నాకెందుకు చెప్పలే?” అని అడిగాను. ఆయన కాగితం చూసి, “చెప్పాంగా, సంతకం ఉంది” అన్నాడు.

“సంతకం మా ఆయనది. గుండె ఎవరిది?”

“అందరికీ అంతేనమ్మా. పేషెంట్లు కంగారు పడతారని ఇంట్లోవాళ్ళనే పిలిచి చెప్తాం. మన దగ్గర అదే పద్ధతి.”

“అయిదేండ్లు, పదిసార్లు ఒచ్చిన సార్ నేను. గీ ఫైలు మీ డాక్టరు ముందట తెరిచే ఉంటుండె. ఒక్కసారన్న ఆఖరి పేజీ తిప్పిండా?”

ఆయన వాచీ చూసుకున్నాడు. రెండు రొమ్ముల్లో ఒకటి తీసేసినప్పుడు నాకు చెప్పారు, ఎందుకంటే అది కనిపిస్తుంది, దాచడం కుదరదు. గుండె లోపలుంటుంది కాబట్టి మొగుడికి చెప్పి చేతులు దులుపుకున్నారు. ఇంకా చాలా అన్నాను. సెక్యూరిటీ అతను వచ్చి, “అక్కా, జర బయటికి రా” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వచ్చేశాను.

శేఖర్ ఎల్.బి.నగర్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణం ముందు ట్రాలీ పెట్టుకుని లోడు కోసం చూస్తున్నాడు. నేను క్యాబిన్ తలుపు తీసి పక్క సీట్లో కూర్చుని జిరాక్స్ కాగితం అతని ఒళ్ళో పెట్టాను.

“ఏందిది?” అన్నాను.

అతను చూశాడు. చదవలేదు. చదవాల్సిన అవసరం లేని మనిషి చూసినట్టు చూశాడు. అక్కడే నాకు ఒళ్ళు మండిపోయింది.

“తెల్సు గదా నీకు.”

“తెల్సు” అన్నాడు.

“తొమ్మిదేండ్ల సంది.”

“అప్పుడప్పుడే కరెంటు అయిపోయింది జ్యోతి. నీ నెత్తి మీద గింత గింత ఎంట్రుకలు మొలుస్తున్నయి. ఏడాది తర్వాత ఆ దినమే నువ్వు నవ్వినవు. ఇంటికి పోయి చేపలకూర తింటనన్నవు. లోపలికి పిల్చి నాకు గుండె సంగతి చెప్పిన్రు. బయటికొచ్చి నీ మొకం చూసిన. ఎట్ల చెప్పాలె? బుగులు పడ్తవని కడుపుల పెట్టుకున్న.”

“పెట్టుకున్నవు. మంచిది. ఏటేటా నన్ను ఎకోకు అన్న తీస్కపోవాలె గదా. గాలి పరీక్షనో, నీళ్ళ పరీక్షనో, ఏదో అబద్ధం చెప్పి. అబద్ధాలకు నీకు కరువా?”

అతను స్టీరింగ్ గీరుతూ కూర్చున్నాడు. “మొదటి ఏడు తీస్కపోదామనుకున్న. నీకప్పుడే మళ్ళ డ్యూటీలు షురువైనయి. రెండో ఏడు గూడ అనుకున్న. తర్వాత నువ్వు మంచిగనే ఉన్నవు. ఇగ… మర్సిపోయిన.”

దాచాడంటే ఏదో ప్రేమ అనుకుని సర్దుకునేదాన్నేమో. మరిచిపోయాడు. ట్రాలీ ఆటోకు ఇన్సూరెన్స్ ఏ నెలలో కట్టాలో, ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలో తడుముకోకుండా చెప్తాడు. నా గుండె మాత్రం అతని మతిలోంచి జారిపోయింది.

“పోయినేడు నేను రెండు మెట్లెక్కి కూలబడ్డ. ముగ్గురు డాక్టర్ల దగ్గరికి నువ్వే బండి మీద తీస్కపోయినవు. అప్పుడన్న యాదికి రాలేదా?”

అతను స్టీరింగ్ గీరడం ఆపాడు. తర్వాత, “ఒచ్చింది” అన్నాడు. “గ్యాస్ అన్నరు గదా. గ్యాసే అయితే బాగుండు అనుకున్న.”

నేను అతన్ని కొట్టాను. పదహారేళ్ళ కాపురంలో మొదటిసారి. భుజం మీద, పిడికిలితో, రెండుసార్లు. రెండోదానికే నాకు ఆయాసం వచ్చింది. అతను పక్కకు జరగలేదు. నా వీపు నిమరబోతే చెయ్యి తోసేశాను. “సోయి ఉందా నీకు? నా పానం మీద నాకు తెల్వకుండా పందెం కాసినవు. గెలిస్తే సప్పుడు చెయ్యవు, ఓడితే చచ్చేది నేను” అన్నాను. దుకాణం ముందు హమాలీలు చూస్తున్నారు. చూడనీ.

అప్పుడు అతను కళ్ళు తుడుచుకుంటూ, తన తప్పు కొంచెం తేలిక చేసుకోవడానికే అనుకుంటాను, “నేనొక్కన్నే గాదు జ్యోతి. రావు సార్ గూడ ఆ దినం లోపల ఉన్నడు. ఇద్దరికి ఒక్కసారే చెప్పిన్రు. గేటు బయట చాయ్ తాగుకుంట ఇద్దరం అనుకున్నం, ఆడోళ్ళకు చెప్పొద్దని” అన్నాడు.

నా గొడవ నాకు గుర్తు లేకుండా పోయింది.

రావు సార్ అంటే రామమోహనరావు గారు. తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య సూర్యప్రభక్క వార్డులో నా పక్క మంచం. నాకంటే పద్ధెనిమిదేళ్ళు పెద్దది. ఇద్దరికీ ఒకే వారం, ఒకే ఎర్ర మందు. నాకు నోరంతా పుండ్లు పడి మెతుకు దిగకపోతే, పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలిపి చెంచాతో పెట్టేది. “తినవే, నువ్వు తినకపోతే నేనూ తినను, ఇద్దరం కలిసి పోదాం” అని బెదిరించేది. పండక్కీ పబ్బానికీ ఇప్పటికీ ఫోన్ చేసుకుంటాం. రెండు నెలల క్రితం మాట్లాడినప్పుడు, “మూడో అంతస్తు ఎక్కలేకపోతున్నానే, కింద పోర్షనులోకి మారాం. కాళ్ళు బూరెల్లా పొంగుతున్నాయి, మా ఆయన వయసు అంటున్నారు” అంది. నేనూ, “అంతేలే అక్కా” అన్నాను. ఆ మాట అన్న నా నాలుకను ఏం చేసినా పాపం లేదు.

మందుల వల్ల నా గుండె ఇంకా దిగజారకుండా నిలబడవచ్చునని డాక్టరమ్మ చెప్పింది. సూర్యప్రభక్క ఏ మందూ లేకుండా వాచిన కాళ్ళతో ఇంట్లో తిరుగుతోంది. శేఖర్‌ను ట్రాలీ తీయమన్నాను. లోడు వచ్చేటట్టుంది అన్నాడు. నేను చూసిన చూపుకు తాళం తిప్పాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళ సందు ముందు నన్ను దింపితే, “నువ్వు రాకు, ఈడనే ఉండు” అని చెప్పి లోపలికి పోయాను.

తలుపు రావుగారే తీశారు. నా ముఖం చూసి, నా చేతిలోని కాగితం చూసి, చెప్పులేసుకుని బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశారు. అంటే శేఖర్ ముందే ఫోన్ చేసి ఉంటాడు. నేను సందు నడిచి వచ్చేలోపు మగవాళ్ళిద్దరూ మాట్లాడేసుకున్నారు, తొమ్మిదేళ్ళ నాటి ఆ చాయ్‌లోనే ఇంకో గుక్క తాగినట్టు.

“అమ్మా జ్యోతికా, కోపంగా ఉన్నావు, నాకు తెలుసు. నీకు జరిగినదానికి నాకు చాలా బాధగా ఉంది. కానీ ఆవిడకి చెప్పకు” అన్నారు, గొంతు తగ్గించి.

“ఎందుకు చెప్పొద్దు సార్? అక్క కాళ్ళు పొంగుతున్నయి.”

“నేను చూసుకుంటానమ్మా. ఏదో వంక చెప్పి తీసుకెళ్తాను. వచ్చే నెల్లో…”

“ఒచ్చే నెల దాక మీరు ఆపుతరా ఆమె గుండెను?”

ఆయన ముఖం కందిపోయింది. “ఇది మా ఇంటి విషయం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“కందకు తెల్వదు గదా సార్ దానికి దురద ఉందని. మీరు చెప్పలేదాయె.”

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. డెబ్బై దగ్గర పడిన మనిషి. “నాకు ధైర్యం లేదమ్మా” అన్నారు. “ఆ ఏడాది నేను ఏం పడ్డానో నీకు తెలియదు. మళ్ళీ ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కడం నావల్ల కాదు. కాళ్ళ వాపు వయసు వల్లే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆవిడ ఇంట్లో నవ్వుతూ తిరుగుతోంది. ఆ నవ్వు ఇంకో నాలుగు రోజులు ఉండనీ.”

నాకు జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఈ మగవాళ్ళకు మా భయం మీద ఎంత భయం. మాకు కత్తులు పెట్టారు, విషం ఎక్కించారు, కాల్చారు. అన్నీ కళ్ళు తెరుచుకుని పడ్డాం. ఒక్క మాటకు చచ్చిపోతామా?

లోపలి నుంచి సూర్యప్రభక్క తలుపు తీసింది. “ఎవరండీ… ఏమే జ్యోతికా, నువ్వా? చెప్పాపెట్టకుండా. బయట నిలబెట్టి మాట్లాడతారేంటండీ పిల్లని? రా, కాఫీ పెడతాను” అంది. ముఖం నిండా నవ్వు. ఆ నవ్వుకు ఆవిడ బుగ్గలు పైకి పోతాయి, కళ్ళు చిన్నవవుతాయి. ఈ రెండు ముక్కలు అనేసరికే రొప్పింది. గుమ్మం పట్టుకుంది.

ఆ నవ్వు చూడగానే చేతిలోని కాగితం వెనక్కి దాచాను. ఇటుగా పోతూ ఆగానని అబద్ధం చెప్పి, కాఫీ తాగి, వెళ్ళిపోదామా అనిపించింది. రావుగారు నా వైపే చూస్తున్నారు, చేతులు జోడించినంత పని చేస్తూ. రేపు చెప్తాంలే, ఇవాళ్టికి నవ్వనీ అనుకున్నాను. సరిగ్గా శేఖర్ అనుకున్నట్టే అనుకున్నాను. ఆ మాట తెలిసొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

“అక్కా, కాఫీ తర్వాత. కూర్చో. సార్, మీరు గూడ లోపలికి రాండ్రి” అన్నాను.

కూర్చోబెట్టి చెప్పాను. ఎర్ర మందు సంగతి, నా ముప్పై ఎనిమిది సంగతి, ఏటా తీయించాల్సిన ఎకో సంగతి. నా కాగితం చూపించాను. ఇలాంటిదే నీకూ ఒకటి ఉంటుంది, దాని కింద సంతకం సార్‌ది ఉంటుంది అని కూడా చెప్పాను. ఏదీ మింగలేదు.

ఆవిడ కేకలేయలేదు. కాగితం రెండుసార్లు చదివింది. చదివి మొగుడి వైపు తిరిగింది.

“తొమ్మిదేళ్ళుగా మీకు తెలుసు.”

“నీ కోసమే ప్రభా.”

“నా కోసం కాదు, మీ కోసం. నేను ఏడిస్తే చూడలేరు కాబట్టి.” కాసేపు ఊపిరి తీసుకుంది. “ఆరు నెలలుగా నేను మంచం మీద పడుకోవడం లేదు, తెలుసా మీకు? పడుకుంటే గాలి అందదు. మీరు నిద్రపోయాక లేచొచ్చి ఈ కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాను. మీరు లేచేలోపు వెళ్ళి పక్కన పడుకుంటున్నాను.”

రావుగారు ఆ కుర్చీ వైపు చూశారు. “నాకెందుకు చెప్పలేదు?” అన్నారు చివరికి.

“మీరు కంగారు పడతారని” అంది ఆవిడ.

అప్పుడు నేను అరిచాను. ఇద్దరి మీదా అరిచాను. ఒకరినొకరు కాపాడుకుంటూ ఇద్దరూ కలిసి చావండి, అంతకంటే కాపురం ఏముంది, అన్నాను. పెద్దవాళ్ళని అలా అనకూడదు. అన్నాను, అంతే. వాళ్ళ కిటికీ అవతల హాస్టలు పిల్లలు చదువు ఆపి చూశారు. సూర్యప్రభక్క మాత్రం మెల్లగా లేచి, లోపలికి పోయి చీర మార్చుకుని, హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుంది. “ఆ డాక్టరు ఇప్పుడు ఉంటుందా?” అని నన్నడిగింది. మొగుణ్ణి అడగలేదు.

శేఖర్ ట్రాలీ తెస్తానన్నాడు. వద్దన్నాను. మామూలు ఆటో మాట్లాడుకుని ముగ్గురం ఎల్.బి.నగర్ పోయాం. రావుగారు డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చున్నారు, వెనక్కి తిరిగి చూసే ధైర్యం చేయకుండా. కొత్తపేట దగ్గర ఆటో గుంతలో పడితే అక్క ఛాతీ పట్టుకుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

క్లినిక్‌లో నా పేరు చెప్పి ముందే ఎకోకు పంపించాను. క్యూలో ఉన్నవాళ్ళు గొణిగారు. కండక్టర్ నోటికి ఎవరూ ఎదురు రాలేదు. పావుగంటకు అక్క బయటికొచ్చి మాతో బెంచీ మీద కూర్చుంది. జెల్ తడి అంటిన జాకెట్టును కొంగుతో తుడుచుకుంటోంది. మేం ముగ్గురం గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం.

లోపలి నుంచి నర్సు రిపోర్టు పట్టుకుని తల బయటపెట్టింది. “సూర్యప్రభ గారి తరఫువాళ్ళెవరండీ? ఒకసారి లోపలికి రండి.”

రావుగారు లేచారు. పాపం, అలవాటు. అక్క ఆయన మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“మీరు కూర్చోండి. సూర్యప్రభని నేను” అంది.

ఎవరి సాయం లేకుండా లేచింది. రెండు అడుగులకోసారి ఆగుతూ, గోడ పట్టుకుంటూ నడిచింది. నేను లేవబోతే వద్దని చెయ్యి ఊపింది. నర్సు చేతిలోంచి రిపోర్టు తనే తీసుకుని, లోపలికి పోయి, తలుపు వేసుకుంది.

అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. తలుపు అద్దానికి పాలరంగు పూత, అవతల ఏమీ కనిపించదు. రావుగారు కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఆఖరికి ఆగలేక నా వైపు వంగి, “లోపల ఏం చెప్తున్నారంటావమ్మా?” అని అడిగారు.

“నాకు తెల్వది సార్” అన్నాను. “బయటికొచ్చినంక అక్కకు చెప్పాలనిపిస్తే చెప్తది.”